చలచ్చిత్ర దర్శకుల యుత్తరకృతులు

కవుల యుత్తరకృతులను గూర్చి మన పండితులు చిరకాలముగా విచారించుచున్నారు. ఒక కవి యౌవనమున రచించిన గ్రంథమునకును, వార్ధకమున రచించిన గ్రంథమునకును గల భేదము శైలియందా, దృష్టియందా యని చర్చించుట సాహిత్యవిమర్శమున నొక ప్రసిద్ధమార్గము. చలచ్చిత్ర దర్శకుల విషయమున నట్టి విచారణ యరుదు. డెబ్బదియేండ్లు దాటిన దర్శకుడు చిత్ర మొకటి తీసినచో లోకము "ఇంకను తీయుచున్నాడే" యని యాశ్చర్యపడును. లేదా "ఇక చాలించిన బాగుండును" అని పెదవి విరచును. ఈ రెండు మాటలును దర్శకుని వయస్సును గూర్చినవే కాని చిత్రమును గూర్చినవి కావు.

ఈ విచారణకు శ్రీకాకుళము జిల్లాలోని పలాస, టెక్కలి ప్రాంతములను, ఉద్దానపు తీరమును ముందుంచుకొనుట యుచితము. మహేంద్రగిరికిని తూర్పు సముద్రమునకును నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నొప్పు సీమ యిది. ఉద్దానమను పేరే యుద్యానశబ్దమునుండి కలిగినదని పెద్దలు చెప్పుదురు. మదరాసునకును హైదరాబాదునకును దూరమైన యీ తీరమునకు చిత్రము సిద్ధవస్తువై వచ్చును. తీసినవాని వయ స్సెంతయో తోటలో పనిచేసి వచ్చి కూర్చున్న ప్రేక్షకునకు దెలియదు. అతనికి కృతి యొక్కటియే ప్రమాణము. విమర్శకునకు గావలసిన నిష్పక్షపాతదృష్టి యీ ప్రేక్షకునియందు సహజముగా నున్నది. అంతియే కాదు. తెలుగు చలచ్చిత్రముల తొలినాటి బాట యీ సీమమీదుగానే సాగినది. సుప్రసిద్ధమైన యొక చిత్రమునకు నాయకపాత్రధారి నీ జిల్లాయే యిచ్చినది. 2020లో పలాస పేరే యొక చిత్రమునకు నామమైనది.

ముందుగా దర్శకు డనగా నెవ్వడో నిర్ణయింపవలయును. పాణినీయమున స్వతంత్రుడు కర్త. ఆ కర్తను ప్రేరేపించువానికి హేతువనియు కర్తయనియు రెండు సంజ్ఞలు గలవు. వంటవాడు వండును, యజమానుడు వండించును. తెలుగునను ధాతువుపై "ఇంచు" చేరి యీ యర్థమునే తెలుపుచున్నది. నటుడు నటించును, గాయకుడు పాడును, ఛాయాగ్రాహకుడు చిత్రించును. దర్శకుడు వీరందరిచేతను ఆయా పనులు చేయించును. కాబట్టి యతడు హేతుకర్త. నటునకు దేహము సాధనము. వయస్సు ముదిరిన కొలది యతనికి దగిన పాత్రలు తగ్గును. హేతుకర్తకు సాధనము పరుల ప్రయత్నము. చూపును, మాటయు, నిర్ణయమును నిలిచియున్నంతకాల మతని కర్తృత్వమునకు లోపము లేదు.

ఈ భేదమును శ్రీకాకుళ విజయనగర జిల్లాల పల్లెప్రజలు వ్యాకరణము చదువకయే యెరుగుదురు. అచ్చటి తూర్పుభాగవతమున సత్యభామ వేషము యువకునిది. మృదంగముల హోరులో నడుగులు వేయువా డతడే. కాని వెనుక నిలిచి తాళము పట్టి, దరువెత్తి, వేషగానిని నడిపించు గురువు తల నెరసినవాడైనను కొరతగా నెన్నడును దలపబడడు. ఆ నెరసిన తలయే మేళమునకు గౌరవము.

అట్లయినచో చలచ్చిత్ర దర్శకులలో ననేకులు వార్ధకమున నేల విరమించిరి? దేహదౌర్బల్య మొక హేతువే యైనను ముఖ్యహేతువు కాదు. ప్రేరకునకు ప్రేర్యులు కావలయును. వారిని గూర్చుటకు ధనము కావలయును. ఆ ధనము నిర్మాతచేతిలో నున్నది. దర్శకుని శక్తి క్షీణించుటకు ముందే యతనియందు నిర్మాతకుగల నమ్మకము క్షీణించుచున్నది. ఈ సంగతి కింది చరిత్రలవలన స్పష్టపడును.

చిత్తజల్లు పుల్లయ్యగారు 1898లో జనించిరి. తొలి తెలుగు శబ్దచిత్రమైన భక్తప్రహ్లాద 1932లో వెలువడినది. అటుపిమ్మట 1933లో సతీసావిత్రిని, 1934లో లవకుశను పుల్లయ్యగారు కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షమున దీసిరి. అప్పటి కాంధ్రదేశమున శబ్దచిత్రములకు దగిన నిర్మాణశాలలు లేవు. గోదావరి మండలమునుండి కలకత్తాకు బోవు రైలుమార్గము నౌపడ, పలాసల మీదుగనే పోవును. తెలుగు రాముడును, తెలుగు సీతయు తెరకెక్కుటకు ముం దీ యుద్దానపు తోటల ప్రక్కనుండు బాటయే వంగభూమికి మార్గమైనది. లవకుశ ప్రజల నెంతగానో యాకర్షించినది.

పుల్లయ్యగా రాకథను విడువలేదు. 1958 ప్రాంతమున, తమకు అరువదియేండ్లు నిండిన తరుణమున, దానినే శంకరరెడ్డిగారి నిర్మాణమున వర్ణములలో మరల నారంభించిరి. మధ్యలో ధనాభావముచే చిత్రీకరణ మాగినది. ఆగిన కాలమునకు దర్శకుని యారోగ్యము బలియైనది. మరల బని మొదలైనపుడు వారి కుమారుడు సి. ఎస్. రావుగారు భారము వహించి పూర్తిచేసిరి. 1963 మార్చి 29న విడుదలయైన యా చిత్రము తెలుగున తొలి పూర్తినిడివి వర్ణచిత్రము. తండ్రికొడుకుల పే ర్లిరువురివియు దర్శకులుగా దానిపై నున్నవి. ఇచ్చట గమనింపవలసిన దొకటి గలదు. లవకుశతో పుల్లయ్యగారి పని ముగిసినదని తలచుట పొరపాటు. వారు 1966లో పరమానందయ్య శిష్యుల కథను, 1967లో భువనసుందరి కథను వెలువరించిరి. ఆ సంవత్సరముననే అక్టోబరులో గాలధర్మము నొందిరి. వారి పని నాపినది వయస్సు కాదు, ధనాభావము. ధనము సమకూడగనే 69వ యేటను దర్శకత్వము సాగినది.

ఒకే కథను ముప్పదియేండ్ల యెడముతో రెండుమారులు దీయుట కేవలము పునరుక్తియా? దీనికి సమాధానము భవభూతియొద్ద లభించును. ఉత్తరరామచరితమున ప్రథమాంకము చిత్రదర్శనము. లక్ష్మణుడు గోడపై వ్రాయించిన చిత్రములను సీతారాములు చూతురు. అవి వారి పూర్వచరితమే. జరిగినపుడు దుఃఖము ననుభవించుటకైనను తీరిక లేని సన్నివేశములు, చిత్రములై యెదుట నిలువగా, సంపూర్ణముగా ననుభూతములగుచున్నవి. అనుభవము మొదటిది, దర్శనము రెండవది. ఈ రెండవదానియందే రసము పరిపాకము నొందును. తన పూర్వకృతిని మరల దీయు వృద్ధదర్శకు డిట్టి చిత్రదర్శనమే చేయుచున్నాడు. ఉత్తరకాండమునే మన దర్శకులు వార్ధకమున గోరుట యాకస్మికము గాకపోవచ్చును. తిక్కనయు, కంకంటి పాపరాజును దెలుగున వెలయించిన యీ కథ విజయము సాధించిన వీరుని కథ కాదు. విజయము తరువాత మిగిలిన లోటును దెలిసికొన్నవాని కథ.

ఈ మాటకు బాపుగారి చరిత్ర బలము చేకూర్చుచున్నది. వారు 1933లో జనించిరి. 1967లో సాక్షితో దర్శకులైరి. సంపూర్ణ రామాయణమును, 1976లో సీతాకల్యాణమును దీసిరి. ఈ రెంటి నడుమ 1975లో వెలువడిన ముత్యాలముగ్గు సాంఘికచిత్రమే యైనను, దాని యెముకలగూ డుత్తరరామాయణమే. నిర్దోషియైన భార్య, నిందను నమ్మిన భర్త, కవలపిల్లలు, ఎడబాటు, ఎరుక యను నంగము లన్నియు నందున్నవి. నలుబదియొకటవ యేట మారువేషమున జూపిన కథను వారు 78వ యేట నిజవేషమున జూపిరి. 2011 నవంబరులో శ్రీరామరాజ్యము విడుదలయైనది. దానికి రచన చేసిన ముళ్ళపూడి వెంకటరమణగా రా ఫిబ్రవరిలోనే యస్తమించిరి. వాల్మీకిగా నటించిన అక్కినేని నాగేశ్వరరావుగారు అప్పటికి దర్శకునికంటెను పెద్దవారు. చిత్రకారుడైన దర్శకుడు, చిరకాలమిత్రుడు వ్రాసిన కడపటి గ్రంథమును, మిత్రుడు లేక పూర్తిచేసిన చిత్రమది. ముత్యాలముగ్గున ఎడబాటు కథాంగము. శ్రీరామరాజ్యమున నది దర్శకుని యనుభవము గూడ నైనది. బాపుగారు 2014లో దివంగతులైరి.

పుల్లయ్యగారి పరంపర మరియొక మార్గమునను సాగినది. 1936లో వారు సతీ అనసూయ, ధ్రువవిజయములను బాలబాలికలచేతనే నటింపజేసిరి. 1939లో వారి వరవిక్రయమున భానుమతిగారు తొలిసారి తెరపై గన్పడిరి. ఆమె 1953లో చండీరాణికి తామే దర్శకత్వము వహించిరి. 1982లో, ఏబదియేండ్లు దాటిన పిమ్మట, భక్త ధ్రువ మార్కండేయను మరల బాలనటులతోనే తీసిరి. గురువు చేసిన ప్రయోగమును శిష్యురాలు నలుబదియారేండ్లకు దలచి చేసినది. నలుబదినాలుగు చిత్రములకు దర్శకత్వము వహించి 2002లో గిన్నిసు గ్రంథమున కెక్కిన విజయనిర్మలగారును 2009లో నేరము శిక్ష చిత్రమువరకు పని విడువలేదు. స్త్రీలకు దర్శకపదవి యరుదైన కాలమున వీరు దానిని దీర్ఘకాలము నిలుపుకొనుట విశేషముగా నెన్నదగినది.

కె. విశ్వనాథ్‌గారి చరిత్రమున ఈ జిల్లాకు బాలు గలదు. 1980 ఫిబ్రవరి 2న వెలువడిన శంకరాభరణమునకు నాయకుడైన జె. వి. సోమయాజులుగారు శ్రీకాకుళము జిల్లాలోని లుకలాము అగ్రహారమువారు. రెవిన్యూశాఖలో నుద్యోగించుచు, సోదరుడు రమణమూర్తిగారితో గూడి కన్యాశుల్కమును బలుమారులు రంగమున కెక్కించి, రామప్పపంతులు వేషమున బేరొందినవారు. యౌవనము గడచిన యా నటుని నాయకునిగా నిలుపుట కానాడు సాహసము గావలసినది. అప్పటికి విశ్వనాథ్‌గారికి ఏబదియేండ్లు. ఆ చిత్రకథయే ప్రస్తుతవిషయమునకు దృష్టాంతము. శంకరశాస్త్రి విద్య తగ్గలేదు, వినువారు తగ్గిరి. శిష్యభావముగల యొక స్త్రీ సభామందిరము గట్టించి యిచ్చినపుడు వృద్ధగాయకుడు మరల బాడెను, పాడుచునే యొరగెను, మిగిలిన పాట శిష్యుడు పూర్తిచేసెను. పుల్లయ్యగారి లవకుశ చరిత్రమును జూచినవారి కీ ముగింపు కల్పనగా దోపదు.

విశ్వనాథ్‌గారు 2004లో స్వరాభిషేకమును దీసిరి. అది యుత్తమ తెలుగుచిత్రముగా జాతీయపురస్కార మందినది. 2010లో, ఎనుబదవ యేట, శుభప్రదమును వెలువరించిరి. ఈ తుదిచిత్రము పూర్వచిత్రములవలె నాదరింపబడలేదు. కాని సంగీతము మనుజుని నెట్లు నిలబెట్టునను ప్రశ్నను వారు మూడుదశాబ్దములు విడువక యడిగిరి. 2016వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము వారికి లభించినది. 2023 ఫిబ్రవరి 2న, శంకరాభరణము విడుదలయైన తిథికే, పరమపదించిరి.

పూర్వకథను మరల దర్శించుట యొక మార్గమైనచో, వార్ధకమున నపూర్వసాధనమును జేపట్టుట రెండవది. దీనికి సింగీతము శ్రీనివాసరావుగారు ప్రమాణము. 1931లో జనించిన వీరు కె. వి. రెడ్డిగారియొద్ద శిక్షణ పొంది 1957 నాటి మాయాబజారునకు బనిచేసిరి. 1987లో మాటలులేని పుష్పకవిమానమును, 1991లో కాలయంత్రకథయైన ఆదిత్య 369ని, 1994లో భైరవద్వీపమును దీసిరి. కడపటిది గురువుగారి పాతాళభైరవి మార్గమునకు జెందినది. 2008లో, 76 యేండ్ల వయస్సున, సజీవనటులు లేక గీతలతోనే నడచు ఘటోత్కచ చిత్రమును నిర్వహించిరి. యువకుడుగా గురువు ప్రక్క నిలిచి చూచిన ఘటోత్కచుని వృద్ధుడై నూతనసాధనమున మరల సృష్టించుట యిది. 2013లో, ఎనుబదియేండ్లు దాటియు, వెల్కమ్ ఒబామా యను సాంఘికచిత్రమును వెలువరించిరి. కొత్తదానిని నేర్చుకొను బుద్ధికి వార్ధకము బాధకము కాదని వీరి కృతులు తెలుపుచున్నవి.

ఆ గురువుగారి యుత్తరకాలము మాత్రము కఠినముగా గడచినది. పాతాళభైరవి, మాయాబజారు వంటి చిత్రములు దీసిన కె. వి. రెడ్డిగారికి 1968 నాటి ఉమాచండీ గౌరీశంకరుల కథ పరాజయము దెచ్చినది. 1971లో శ్రీకృష్ణసత్య వచ్చినది. 1972లో వారు గతించిరి. అప్పటికి వారికి నిండిన వయస్సు అరువదియే. బి. ఎన్. రెడ్డిగారును 1969 నాటి బంగారుపంజరము తరువాత చిత్రము దీయకయే 1977లో దివంగతులైరి. వీరిరువురి విద్యయు క్షీణించినదని చెప్పుటకు నిదర్శనము లేదు.

దేశాంతర చరిత్రయు నిట్లే యున్నది. జపానున కురొసావా 1970లో దీసిన దొదెసుకాదెన్ ధనము దేకపోవుటచే స్వదేశమున నిర్మాత లాయనకు దూరమైరి. 1975 నాటి చిత్రమును సోవియటు దేశమున దీసెను. 1980 నాటి కాగెముషాకు అమెరికా దర్శకులు తోడ్పడిరి. అట్టి సాహాయ్య మందుటచేతనే 1985లో, 75వ యేట, రాన్ వంటి మహాకృతి వెలసినది. వంగదేశమున సత్యజిత్ రాయ్ 1983లో హృద్రోగపీడితుడై ఘరే బైరేను కుమారుని తోడ్పాటుతో ముగించెను. పిదప వైద్యుల యాజ్ఞ ననుసరించి గృహాంతర్భాగములలోనే నడచు కథలను గైకొని 1991లో ఆగంతుక్ వరకు దీసెను. పోర్చుగలున ఒలివేరా 1942 తరువాత మరల కథాచిత్రమును 1963లో గాని తీయజాలకపోయెను. డెబ్బదియేండ్ల పిమ్మటనే యాతని కృతు లధికసంఖ్యలో వెలువడినవి. నూరేండ్లు దాటియు చిత్రములు తీసెను. దేహమునకు దగినట్లు పని మార్చుకొనవచ్చును. సాధనము లేనిచో మార్చుకొనుటకైనను పని యుండదు.

దీనికి ప్రత్యుదాహరణము దీర్ఘాయువు లేని దర్శకుడు. గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లో మాలపిల్లను, 1939లో రైతుబిడ్డను తీసిరి. రైతుబిడ్డ జమీందారుల యాగ్రహమునకు గురియైనది. మరు సంవత్సరముననే పలాసలో నఖిలభారత కిసానుసభ జరిగినది. మందస జమీందారీలో వీరగున్నమ్మ మున్నగు రైతులు కాల్పులకు బలియైరి. తెరపై రైతుబిడ్డ చెప్పినది యుద్దానపు నేలపై రక్తాక్షరములతో వ్రాయబడినది. రామబ్రహ్మముగారు 1946లో, 44 యేండ్లకే, అస్తమించిరి. ఆ కథకు వారి రెండవదర్శన మెట్లుండెడిదో యాంధ్రులకు లభింపలేదు. రైతుకథను వేరొకరీతి నెత్తుకొన్నవారు ఆర్. నారాయణమూర్తిగారు. 1986లో అర్ధరాత్రి స్వతంత్రముతో మొదలిడి, నిర్మాతయు దర్శకుడును దామేయై, 2021లో రైతన్నను వెలువరించిరి. నిర్మాతను వేడవలసిన పని లేకుండుటయే వారి దీర్ఘకర్తృత్వమునకు మూలము. హేతుకర్త స్వతంత్రుడును నయ్యెను.

ఉత్తరకృతు లనేకములు పూర్వకృతులకు సాటిరావని యొక యాక్షేపము గలదు. అది కొంతవరకు నిజము. వేగము తగ్గును, లోకపు మాటతీరు మారిన సంగతి చెవి కందకపోవును, యువకుల కథలలో వృద్ధుని పలుకులు చొరబడును. శుభప్రదమునందును వెల్కమ్ ఒబామాయందును ఈ దోషములను జూపువారున్నారు. అయినను ఏ కృతికైనను దాని పరిధినిబట్టియే గుణదోషములు నిర్ణయింపవలయును. యౌవనకృతి యేమి జూపెనని యడుగుదుము. ఉత్తరకృతి రెండవమారు చూచి యే మెరిగెనని యడుగవలయును. ఉత్తరశబ్దమునకు తరువాతిదనియు, ఉత్తమమనియు, బదులనియు నర్థములు గలవు. ఉత్తరకృతి యెల్లప్పుడును రెండవ యర్థమును సాధింపదు. మూడవ యర్థమును మాత్రము దరచుగా సాధించును. అది పూర్వకృతి యడిగిన ప్రశ్నకు బదులు.

2018 అక్టోబరులో తిత్లీ తుపా నుద్దానపు కొబ్బరితోటలను గూల్చినది. ముదురుచెట్టు విలువ యెంతయో యానాడు రైతునకు దెలిసినది. కొత్తమొక్క కాపునకు వచ్చుటకు సంవత్సరములు పట్టును. కళలయందును నింతే. పలాస వాస్తవ్యుడైన కరుణకుమార్‌గారు 2020లో పలాస 1978 అను తొలిచిత్రమున నీ సీమ పలుకును, జీడికార్ఖానాలను, కులవైషమ్యమును దెరపై నిలిపిరి. అది ప్రథమదర్శనము. ఈ సీమకు దన యుత్తరదర్శనము గూడ గావలయునన్నచో, యిట్టి దర్శకులకు ముప్పదియేండ్లకు బిదపను సాధనము లందవలయును. వారి చిత్రములు నిలిచియుండవలయును. తొలి శబ్దచిత్రమైన భక్తప్రహ్లాద ప్రతియే నేడు దొరకుట లేదు. జనాదరణము పొందని యుత్తరకృతులు మరింత త్వరగా మరుగునపడును.

కథల విషయమున శ్రీకాకుళము దారి చూపినది. కాళీపట్నము రామారావుగారు 1997లో, తమ 73వ యేట, కథానిలయమును స్థాపించి తెలుగుకథలను జేర్చిపెట్టిరి. అదియు నొక యుత్తరకృతియే. చలచ్చిత్రములకు నట్టి నిలయ మేర్పడుట యావశ్యకము. పలాస, టెక్కలి పాఠశాలలయందు భాషాపండితులు ముత్యాలముగ్గును శ్రీరామరాజ్యముతోను, రెండు లవకుశలలో లభించిన భాగములను భవభూతి నాటకముతోను సరిపోల్చి బోధించినచో, విద్యార్థులకు కావ్యమును జలచ్చిత్రమును నొక్కమారే బోధపడును. వయోవృద్ధుడైన దర్శకుని జూచి యాశ్చర్యపడుట సులభము. అతని కృతిని బరీక్షించుట పండితధర్మము.